‘తగినంత’ అంటే ఎంత?

పులుసులో ఉప్పెంత వేయాలని అమ్మనడగండి. ‘తగినంత’ అంటుంది! దాన్ని కంప్యూటరుకెలా చెప్పాలి?

1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్‌కు ఇలాంటి చిక్కే వచ్చింది. రక్తంలోనో, మెదడు పొరల్లోనో చేరిన సూక్ష్మజీవిని పోల్చుకుని మందు సూచించే ‘మైసిన్’ ప్రోగ్రామును తయారుచేస్తున్నాడాయన. అనుభవమున్న డాక్టరుకు జబ్బు ఇట్టే తడుతుంది. ఎలా తట్టిందో చెప్పమంటే మాత్రం తడుముకుంటాడు. అందుకని ఒక్కొక్క రోగి వివరాలే ముందుపెట్టుకుని, ‘ఈ మందే ఎందుకు?’ అని నిపుణులను గుచ్చి గుచ్చి అడిగారు. జవాబులు ‘ఇలా ఉంటే అది’ అనే సూత్రాలయ్యాయి. ‘బహుశా’ అన్న మాటకూ అంకె కట్టారు! సూత్రాలు సుమారు 500 పోగయ్యాయి.

1979లో వెలువడిన పరీక్షలో, ఏ సలహా ఎవరిదో తెలియకుండా దిద్దిన వైద్యులు మైసిన్‌కు వేసిన మార్కులు స్టాన్‌ఫర్డ్ నిపుణులకు తీసిపోలేదు. అయినా ఆస్పత్రిలో రోగులకు దాన్ని వాడనేలేదు. పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు?