తలుపు బాగుంది... కొలత నమ్మొచ్చా?

కొత్తింటి నమూనాని కంప్యూటర్లో చూపిస్తున్నారు. గుమ్మానికి టేకు తలుపు, దానికో ఇత్తడి పిడి... చూడముచ్చటగా ఉంది. ఆ కొలతలే రాసుకుని వడ్రంగికి పురమాయిస్తే? తీరా తలుపు వచ్చాక గుమ్మంలో పట్టకపోవచ్చు!

నమూనాలో ఏ భాగాన్ని ఎంతవరకూ నమ్మాలో చెప్పే లెక్క ఒకటుంది. పేరు ఎల్ఓడీ. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ 2008లో తన ఒప్పంద పత్రంలో 100 నుంచి 500 దాకా అయిదు మెట్లు పెట్టింది. 100 అంటే ఇక్కడో తలుపు వస్తుందన్న సూచన, అంతే. 200లో కొలతలు ఉజ్జాయింపు. 300కి వచ్చాకే కచ్చితమైన కొలత, స్థానం. 400లో తయారీకి కావలసిన వివరాలుంటాయి. 500 అంటే కట్టిన తర్వాత అక్కడికెళ్లి సరిచూసింది.

ఎల్ఓడీలో 'డి' అంటే డీటెయిల్ అనుకుంటారు చాలామంది. ఏఐఏ లెక్కలో అది డెవలప్‌మెంట్. తిరకాసంతా అక్కడే! పిడి మీద నగిషీ దాకా గీసిన తలుపు ఇంకా 200లోనే ఉండొచ్చు. బొమ్మ గీసినంత తేలిగ్గా కొలత తేలదు మరి. పైగా ఇల్లంతటికీ కలిపి ఒకే అంకె ఉండదు. గోడ 300లో ఉంటే, అదే గోడలోని తలుపు 200లో ఉండొచ్చు.

అందుకే అడ్వాన్సు ఇచ్చేముందు ఇంజినీరుని అడగండి... 'ఈ తలుపు ఎన్నో మెట్టు మీదుందండీ?' అని.