పటం మీద మిగిలిన సమాధులు

పటం అబద్ధం చెప్పదని బళ్ళో నేర్చుకున్నాం. చెప్పకపోవచ్చు. కాని ఏది చూపాలో, ఏది వదలాలో గీయించినవాడే నిర్ణయిస్తాడు. అమెరికాలో, ఉత్తర కరోలినా రాష్ట్రపు అపలాచియన్ కొండల్లో హేజల్ క్రీక్ అనే వాగు ఉంది. ఆ లోయ పటాలను వరసగా పరిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

1879లో ఏర్పడిన అమెరికా భూగర్భ సర్వే సంస్థకు నేల కింద ఏముందో కావాలి. అందుకు ముందు నేలను కొలవాలి. 19వ శతాబ్దం చివర ఈ కొండలకు వేసిన పటాల కొలమానం 1:1,25,000. అంటే అంగుళానికి దాదాపు రెండు మైళ్ళు. సమోన్నత రేఖకూ రేఖకూ నడుమ ఎత్తులో తేడా నూరడుగులు. ఒక కుటుంబం మొక్కజొన్న వేసుకుని బతికే వాలు మొత్తం ఆ రెండు గీతల మధ్య మాయమైపోగలదు. నాంటహేలా, టకసీజీ వంటి చెరోకీ పేర్లు మాత్రం పటం మీద భద్రంగా ఉన్నాయి. 1838లో చెరోకీల్లో అత్యధికుల్ని సైన్యం పడమటికి తోలేసింది. మనుషుల్ని తరిమినవాళ్ళు పేర్లను ఉంచుకున్నారు.

20వ శతాబ్దం మొదట్లో రిట్టర్ కలప కంపెనీ వచ్చింది. వాగు వెంట రైలు వేసింది, ప్రాక్టర్ అనే మిల్లు ఊరు పెంచింది, చెట్లయిపోయాక 1920ల చివర వెళ్ళిపోయింది. ఆపైన యుద్ధం. అల్యూమినియం తయారీకి కరెంటు కావలసి 1942లో ఫాంటానా ఆనకట్ట మొదలుపెట్టారు. 1944లో నీరు నిలిచి ఊళ్ళకున్న రోడ్డు మునిగింది. నీటి అంచునున్న 44,000 ఎకరాలు నేషనల్ పార్కులో కలిశాయి. యుద్ధం తర్వాత కొత్త రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం రాశారు. ఆరేడు మైళ్ళు వేసి, ఒక సొరంగం దాటగానే ఆపారు. చివరికి 2010లో, రోడ్డుకు బదులుగా 5 కోట్ల 20 లక్షల డాలర్లకు స్వెయిన్ కౌంటీతో రాజీ కుదిరింది.

తర్వాతి పటాల కొలమానం 1:24,000. ఇప్పుడు ప్రతి ఇంటికీ నల్లచుక్క పెట్టేంత చోటుంది. పెట్టడానికి ఇళ్ళే లేవు. లోయంతా ఆకుపచ్చ. ఆ రంగు అడవి అని చెబుతుంది, ఎన్నేళ్ళ అడవో చెప్పదు. గొడ్డలి ఎరగని చెట్టుకూ, కంపెనీ నరికిన మోడు పక్కన లేచిన చెట్టుకూ అదే పచ్చ.

కాని ఆ పచ్చదనం నడుమ అక్కడక్కడ చిన్న శిలువ గుర్తులున్నాయి. శ్మశానాలు. సర్వేవాళ్ళు వాటిని వదల్లేదు. 1970ల నుంచి ఆ కుటుంబాలవాళ్ళు పూలు పట్టుకుని, పడవల్లో సరస్సు దాటి, ఆ గుర్తుల దగ్గరికి వెళ్తూ వచ్చారు.