ఒక్క ‘సే’... ఎనిమిది చిక్కులు

ఇంగ్లిష్ చిన్న మాటల దగ్గర ఉర్దూ, తెలుగు పిల్లలు ఎందుకు తడబడతారో సూరత్ బడుల్లో తెలుస్తుంది

పరీక్ష అయ్యాక బయటికొచ్చిన ఉర్దూ మాధ్యమం కుర్రాడు ‘ఐ గేవ్ ద ఎగ్జామ్’ అంటాడు. తెలుగు మాధ్యమం అమ్మాయి ‘ఐ రోట్ ద ఎగ్జామ్’ అంటుంది. ఉర్దూలో పరీక్ష ఇస్తారు, తెలుగులో రాస్తారు, ఇంగ్లిష్‌లో తీసుకుంటారు. ఇద్దరూ తమ ఇంటి భాష ప్రకారం సవ్యంగానే మాట్లాడారు. పట్టింపు ఉన్న టీచరు చేతిలో ఎర్ర సిరా మాత్రం ఇద్దరికీ తప్పదు.

ఇలాంటివి పక్కపక్కనే పెట్టి చూడడానికి సూరత్‌ను మించిన ఊరు దొరకడం కష్టం. జౌళి, వజ్రాల పరిశ్రమలు దేశం నలుమూలల నుంచీ జనాన్ని రప్పించిన ఈ నగరంలో మునిసిపల్ ప్రాథమిక బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల్లో నడుస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి సాంచాల మీద పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ అక్కడ తక్కువేమీ కాదు. ఇంటి భాషలు వేరైనా తల్లిదండ్రుల ఆశ ఒకటే: తమ బతుకు సాంచా దగ్గరే తెల్లారినా పిల్లలు ఏ బ్యాంకు కౌంటర్ వెనకో కూర్చోవాలి. దానికి ఇంగ్లిష్ కావాలి.

ఇంగ్లిష్ వాళ్లతో సూరత్ పరిచయం పాతదే. 1608లో ఈస్టిండియా కంపెనీ నౌక ‘హెక్టర్’లో విలియం హాకిన్స్ వచ్చింది ఇక్కడికే. తర్వాత జహంగీర్ దర్బారులో ఆయన మాట్లాడింది తుర్కీలో. అవతలి వాళ్ల భాష నేర్వాల్సిన అవసరం అప్పట్లో ఇంగ్లిష్ వాళ్లది.

ఇప్పుడు ఆ అవసరం ఇటు మారింది. పెద్ద పెద్ద మాటలను పిల్లలు ఎలాగోలా బట్టీ పట్టేస్తారు. చిక్కంతా రెండు మూడు అక్షరాల ప్రిపోజిషన్ల దగ్గరే. ఉర్దూ, తెలుగుల్లో ఈ పని చేసే మాటలు సాధారణంగా నామవాచకం వెనక వస్తాయి, ఇంగ్లిష్‌లో ముందుంటాయి. ఆ తలకిందుల వ్యవహారం త్వరగానే అలవాటవుతుంది. కుదరనిది లెక్క. ఉర్దూ ‘సే’ చేసే చాకిరీ చూడండి. ‘దిల్లీ సే’ అంటే ఫ్రమ్. ‘చాకూ సే’ అంటే విత్. ‘బస్ సే’ అంటే బై. సోమవారం నుంచి అని చెప్పే ‘పీర్ సే’ అంటే సిన్స్. ‘దో సాల్ సే’ అంటే ఫర్. ‘ముఝ్ సే బడా’ అంటే దేన్. కుక్కకు భయపడితే ఆఫ్, పెళ్లాడితే టు. ఒక్క మాటకు బదులు ఎనిమిది! పోనీ గుజరాతీ ఆదుకుంటుందా అంటే, అందులోని ‘థీ’ కూడా వీటిలో చాలా పనులు ఒంటిచేత్తో చేసేదే. ‘మ్యారీడ్ విత్’, ‘అఫ్రెయిడ్ ఫ్రమ్’, ‘సిన్స్ టూ ఇయర్స్’ పుట్టేది ఇలాగే. వీటిని అజాగ్రత్త కింద జమకట్టడం అన్యాయం. తరగతి తరగతంతా ఒకే చోట ఒకే తప్పు చేస్తోందంటే అక్కడ ఏదో నియమం పనిచేస్తున్నట్టే.

తెలుగు పిల్లల తప్పులు వేరు. స్టేషన్ దగ్గర కలుద్దామని చెప్పడానికి ఉర్దూ కుర్రాడు ‘స్టేషన్ పర్’ను తలచుకుని ‘ఆన్’ అంటాడు, తెలుగు కుర్రాడు ‘స్టేషన్లో’ అనుకుని ‘ఇన్’ అంటాడు. కావలసింది ‘ఎట్’. కోపమొస్తే మాత్రం ఇద్దరూ ఒకటే. ‘ముఝ్ పర్ గుస్సా’, ‘నా మీద కోపం’ రెండూ ‘యాంగ్రీ ఆన్ మి’ దగ్గరే తేలతాయి. పెళ్లి విషయంలో తెలుగుకు కాస్త లాభం. ‘రాముణ్ణి పెళ్లి చేసుకుంది’ని ఉన్నదున్నట్టు దించినా ‘మ్యారీడ్ రాము’, ఒప్పే.

అసలు లాభం మరొకటుంది. ‘రెండు రోజులుగా జ్వరం’ అంటాం, ‘సోమవారం నుంచి జ్వరం’ అంటాం. ‘సోమవారంగా జ్వరం’ అని ఎవరూ అనరు. ‘గా’ ఇమిడే చోట ఫర్, ఇమడని చోట సిన్స్. వ్యాకరణ పుస్తకాలు పేజీలు ఖర్చుపెట్టే తేడా అమ్మ మాటలోనే ఉంది. ‘రెండు రోజుల నుంచి’ అని కూడా అంటాం కనుక పిల్లలు అక్కడ జారుతారు. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు వీధిలో ‘సే’, ‘థీ’ వినీ వినీ ఈ ‘గా’ వాడుక పలచబడితే ఆ సాయమూ పోతుంది.

ఉర్దూ పిల్లలకూ ఇంట్లో ఇలాంటి సాయం ఉంది. ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చిన ‘దర్ అసల్’లో ‘దర్’, ‘ఫీసదీ’లో ‘ఫీ’ ముందొచ్చే మాటలే. ‘ఫిల్‌హాల్’ను విడదీసి బోర్డు మీద రాస్తే ఇన్, ద, ప్రెజెంట్ అచ్చం అదే వరసలో కనిపిస్తాయి. తెలుగు పత్రికలు తరచూ రాసే ‘బేషరతుగా’లోని ‘బే’ కూడా ఆ కోవలోదే. అయితే ఇది చెప్పాలంటే టీచరుకు పిల్లల భాష రావాలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇంటి భాష వినిపిస్తే జరిమానా వేసే బడుల్లో అది సాగేది కాదు.

కొన్నింటికి ఏ ఇంటి భాషా సాయం రాదు. బస్సయితే ‘ఆన్’, కారయితే ‘ఇన్’ ఎందుకో ఇంగ్లిష్ వాళ్లనడిగినా చప్పున చెప్పలేరు. ‘డిస్కస్ అబౌట్’ మన దేశంలో పెద్ద పెద్ద అధికారుల నోటా వినిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ తప్పు పట్టుకోమని పోటీ పరీక్షల్లో ఇచ్చే వాక్యాలు ఇలాంటివే. బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లోనైతే తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోత కూడా ఉంటుంది. ఈ కాసిన్నింటిని కారణం అడక్కుండా కంఠస్థం చేయడమే నయం.