మరల కలము పట్టిన కవి

ఆంధ్ర మహాభారతమును 11వ శతాబ్దమున నన్నయభట్టు ప్రారంభించెను. అరణ్యపర్వము నడుమ ఆ రచన నిలిచిపోయెను. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని తుదివరకు రచించెను. నడుమ మిగిలిన భాగమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ఒక కవి విడిచిన కావ్యమును వేరొక కవి సాగించిన ఈ కథ తెలుగువారి కందరకును తెలిసినదే. కాని తాను విడిచిన కవిత్వమును, యౌవనము గడచిన పిమ్మట, తానే మరల చేపట్టుట వేరొక విధమైన కార్యము. అందలి కష్టమెట్టిదో, దానిని దాటు మార్గమెట్టిదో ఆంగ్లకవియైన జాన్ మిల్టను చరిత్రము వలన చక్కగా తెలియును.

మిల్టను 1608వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు వృత్తి గలవాడు, సంగీతజ్ఞుడు. కుమారుని చదువునకై ధనము వెచ్చించుటలో ఆయన వెనుదీయలేదు. కేంబ్రిడ్జిలో 1632లో ఎం.ఏ. పట్టము పొందిన తరువాత మిల్టను ఏ యుద్యోగమునకును పోక, సుమారు ఆరేండ్లు తండ్రి యింటనే యుండి గ్రీకు, లాటిను గ్రంథములను పఠించెను. 'కోమస్' అను దృశ్యరచనయు, నీట మునిగి మరణించిన సహాధ్యాయిని గూర్చిన 'లిసిడాస్' అను శోకకావ్యమును ఆ కాలమున వెలువడినవే. ముప్పదియేండ్లైనను నిండకముందే ఆయన ఉత్తమకవి యనిపించుకొనదగినవాడయ్యెను.

1638లో ఇటలీ యాత్రకు వెడలిన మిల్టను, స్వదేశమున అంతఃకలహములు ముదురుచున్నవని విని మరుసటి సంవత్సరము తిరిగివచ్చెను. అప్పటికే ఆయన మనస్సున ఒక మహాకావ్యము మెదలుచుండెను. మొదట ఆర్థరు రాజు కథను వ్రాయదలచెను. తరువాత తనకు తోచిన కథావస్తువులను ఒక పుస్తకమున వ్రాసి పెట్టుకొనెను. అవి సుమారు నూరు. ఆ వ్రాతప్రతి నేటికిని కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో భద్రముగా నున్నది. ఆదిదంపతులు స్వర్గమును కోల్పోయిన కథకు నాటకరూపమున వ్రాసికొన్న ప్రణాళికలు అందు నాలుగు కలవు. 1642లో ప్రకటించిన యొక గ్రంథమున ఆయన తన కావ్యసంకల్పమును వెల్లడించి, దానిని పాఠకులకు తాను పడిన ఋణముగా భావించి, తీర్చుటకు కొన్ని యేండ్లు గడువు కోరెను. ఆ ఋణము తీరుటకు ఇరువదియైదేండ్లు పట్టెను!

ఆ నడిమి కాలమున ఆయన ఊరకుండలేదు. రాజునకును పార్లమెంటునకును నడుమ యుద్ధము చెలరేగెను. మిల్టను పార్లమెంటు పక్షము వహించి వచనగ్రంథములు వ్రాసెను. వచనరచన తనకు ఎడమచేతి పని వంటిదని ఆయనయే చెప్పుకొనెను. వానిలో గ్రంథముద్రణ స్వాతంత్ర్యమును గూర్చి 1644లో వ్రాసిన 'ఏరియోపజిటికా' శాశ్వతమైనది. తక్కినవానిలో పెక్కింటిని నేడు పండితులు తప్ప ఇతరులు చదువుట యరుదు. 1649లో మొదటి చార్లెసు రాజును శిరచ్ఛేదము గావించి ప్రజాప్రభుత్వము నేర్పరచినప్పుడు, విదేశములకు లాటినులో లేఖలు వ్రాయు కార్యదర్శిగా మిల్టను నియుక్తుడయ్యెను. అప్పటికే ఆయన చూపు తగ్గుచుండెను. ప్రభుత్వమును సమర్థించుచు ఒక గ్రంథము వ్రాయవలసి వచ్చినప్పుడు, వ్రాసినచో మిగిలిన చూపును పోవునని వైద్యులు హెచ్చరించిరి. ఆయన వ్రాసెను. ఆ గ్రంథము 1651లో వెలువడెను. 1652 నాటికి రెండు కన్నులును పూర్తిగా పోయెను. ఆ యేడే భార్యయు, ఏకైక కుమారుడును మరణించిరి.

చిరకాలము విడిచిన విద్యను మరల పట్టువానికి ఒక విచిత్రమైన చిక్కు కలుగును. చేయి వెనుకబడి యుండును, అభిరుచి మాత్రము వయస్సుతో పాటు ముందునకు సాగియుండును. తాను వ్రాసినది తనకే నచ్చదు. పలువు రీ స్థితిలోనే కలమును పారవైచెదరు. మిల్టను చేతిని పూర్తిగా మొద్దుబారనీయలేదు. కొలువులో నున్న కాలమున కూడ అప్పుడప్పుడు పదునాలుగు పంక్తుల చిన్న పద్యములు వ్రాసెను. తన యంధత్వమును గూర్చిన ప్రసిద్ధపద్యము వానిలో నొకటి. 1653 ఆగస్టులో, కన్నులు లేకయే, బైబిలులోని కీర్తనలను ఏడింటిని వారము దినములలో ఆంగ్లపద్యములుగా మార్చెను. ఛందోరీతులను మార్చి మార్చి ప్రయోగించెను. అవి గొప్ప కవిత్వము కావు. సంగీతవిద్వాంసుడు కచేరీకి ముందు చేయు సాధకము వంటివి.

సుమారు 1658లో, కొలువు భారము తగ్గినప్పుడు, ఏబదియేండ్ల ప్రాయమున ఆయన మహాకావ్యమును ప్రారంభించెను. విడిచిన చోటనే మరల మొదలిడలేదు. ఆర్థరు రాజును పూర్తిగా వదలెను. నాటకమునకు బదులు వీరకావ్యరూపమును గైకొనెను. ఆనాడు ఆంగ్ల కావ్యములందు వాడుకలోనున్న అంత్యప్రాసను సైతము విసర్జించెను. కథ పాతదే కాని, దానిని చెప్పువాడు మునుపటి యువకుడు కాడు. అంతలో 1660లో రాచరికము మరల వచ్చెను. మిల్టను ప్రాణభయముచే మిత్రుని యింట దాగెను. ఆయన గ్రంథములను బహిరంగముగా దహించిరి. కొంతకాలము నిర్బంధమున నుండి ఆ యేడు డిసెంబరులో విడుదల పొందెను. ఏ ప్రభుత్వమునకై కన్నులు పోగొట్టుకొనెనో ఆ ప్రభుత్వమే లేకపోయెను. కావ్యము మిగిలెను.

కన్నులు లేనివాడు పదివేల పంక్తులకు మించిన కావ్యము నెట్లు రచించెను? రాత్రివేళ శయ్యపై నుండి పంక్తులను మనస్సులోనే కూర్చి, ఉదయమున లేఖకుడు రాగానే చెప్పి వ్రాయించెడివాడు. లేఖకుడు ఆలస్యము చేసిన దినమున, చేపుకు వచ్చిన ఆవు పాలు పితుకువానికై చూచినట్లు, తన భారము దింపువాడు రాలేదని వాపోయెడివాడట. ఒక్క విడతలో నలువది పంక్తుల వరకు చెప్పి, పిదప వానిని సగమునకు తగ్గించెడివాడని కూడ పూర్వులు వ్రాసిరి. ఈ తగ్గించుటయే అసలైన శ్రమ. మేనల్లుడైన ఎడ్వర్డ్ ఫిలిప్సు వచ్చినప్పుడెల్ల పది, ఇరువది, ముప్పది పంక్తుల చొప్పున నున్న ప్రతులలో అక్షరదోషములను సరిచూచెడివాడు. వేసవిలో మామకు కవిత్వము సాగెడిది కాదనియు, శరత్తు మొదలు వసంతము వరకే ధారాళముగా వచ్చెడిదనియు ఆతడు వ్రాసెను. అయినను వేసవిలో నిలిచిపోయినదని మిల్టను దిగులుచెంది కావ్యమును మానలేదు. మరల శరత్తు వచ్చెడిది.

'పారడైజ్ లాస్ట్', అనగా 'కోల్పోయిన స్వర్గము', 1667లో పది భాగములుగా వెలువడెను. ముద్రాపకుడు కవికి తొలుత ఇచ్చినది అయిదు పౌనులు మాత్రమే. మొదటి కూర్పు అమ్ముడుపోయినచో మరి యైదు ఇచ్చునట్లు ఒడంబడిక. 1674లో రెండవ కూర్పున భాగములు పండ్రెండయ్యెను. ఆ సంవత్సరముననే కవి మరణించెను.

ఆ కావ్యము మూడవ భాగము తేజస్సును స్తుతించుటతో మొదలగును. తన కది కానరాదని కవి యందే దుఃఖించును. నాల్గవ భాగమున స్వర్గభ్రష్టుడైన సైతాను సూర్యుని సంబోధించి పలుకు మాటలు కలవు. వానిలో మొదటి పది పంక్తులను, కావ్యరచనకు ఎన్నియో యేండ్ల ముందే, నాటకమునకు ప్రారంభముగా మామ తనకు చూపెనని ఫిలిప్సు చెప్పెను. కన్నులున్ననాడు సూర్యుని చూచి వ్రాసిన ఆ పది పంక్తులను మిల్టను పారవేయలేదు. కన్నులు లేనినాడు వానికి కావ్యమున చోటు చూపెను.