కవ్వాల్ టేకు నీడలో

కవ్వాల్ టైగర్ రిజర్వ్ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి ఉత్తరాన పరుచుకున్న టేకు అడవి. 1965లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2012లో టైగర్ రిజర్వ్ హోదా పొందింది. కోర్ ప్రాంతం సుమారు 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ సుమారు 1,120. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో ఇది విస్తరించి ఉంది. సఫారీకి వచ్చేవారు ముందుగా చేరాల్సింది మంచిర్యాల జిల్లా జన్నారం.

దారి, బస

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా వచ్చేవారు రాయపట్నం వంతెనపై గోదావరి దాటి, లక్షెట్టిపేటలో జన్నారం రోడ్డెక్కాలి. రైల్లో వచ్చేవారు కాజీపేట–బల్లార్షా మార్గంలోని మంచిర్యాలలో దిగాలి. జన్నారంలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఉంది. సఫారీ వేళలు, రుసుములు మారుతుంటాయి కనుక అటవీశాఖ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. దోమతెర, మంచినీళ్లు, మామూలు మందులు వెంట ఉండాలి.

ఏ నెలలో?

వానాకాలంలో అడవి లోపలికి సందర్శకులను అనుమతించరు. చలికాలంలో చెట్లు దట్టంగా ఉంటాయి, చలి పది డిగ్రీల కిందికి దిగే రోజులూ ఉంటాయి. జంతువులు ఎక్కువగా కనిపించేది ఫిబ్రవరి నుంచి మే వరకు. అప్పటికి టేకు ఆకు రాల్చేస్తుంది, వాగులు ఎండిపోతాయి, అటవీ సిబ్బంది నీళ్లు నింపే సాసర్‌పిట్ల దగ్గరికి జంతువులు చేరతాయి. మోదుగలు పూసిన తర్వాత ఇప్పపూల కాలం వస్తుంది. తెల్లవారకముందే రాలిన పూలు ఏరడానికి గోండు, కోలాం కుటుంబాలు గంపలతో బయల్దేరతాయి. ఎలుగుబంటి కూడా ఆ పూల కోసమే వస్తుంది.

చూడటం కన్నా వినడం

టాంజానియాలోని సెరెంగెటి గడ్డిమైదానంలో జంతువుల మందలు అల్లంత దూరం నుంచే కనిపిస్తాయి. కవ్వాల్‌లో చెట్లు చూపును అడ్డుకుంటాయి కాబట్టి చెవిని నమ్ముకోవాలి. ఎండిన టేకాకు మీద చిన్న డెక్క పడినా అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది. కొండముచ్చు చెట్టు కొమ్మ మీంచి కేక పెడితే, చుక్కల దుప్పి తోక లేపి అరిస్తే దగ్గర్లో చిరుతో రేచుకుక్కలో ఉన్నట్టు. కణుజు, మనుబోతు, అడవిదున్న, కొండగొర్రె కూడా ఇక్కడివే. పెద్దపులి కనిపించడం మాత్రం చాలా అరుదు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి వచ్చే పులులు ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల్లోనే ఆగుతున్నాయి. ఆ వైపే పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయి.

అడవిలోని మనుషులు

పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వచ్చి గోదావరి జలం తీసుకెళ్తారు. ఆ రోజుల్లో వెళ్లేవారు ఆ నడకకు అడ్డు రాకూడదు, అడగకుండా ఫొటోలు తీయకూడదు.

తాడోబా పులి కవ్వాల్ దాకా వచ్చి స్థిరపడాలంటే దారి పొడవునా అడవి తెగకుండా ఉండాలి. కోర్‌లో దుప్పులు, కణుజులు పెరగాలి. వాటికి గడ్డి, నీళ్లు, అలికిడి లేని చోటు కావాలి. గడ్డి, నీళ్ల సంగతి అటవీశాఖ చూస్తుంది. హారన్ మోగించకుండా, ప్లాస్టిక్ వదలకుండా, వాహనం దిగకుండా తిరిగి రావడం సందర్శకులు చేయాల్సిన పని.