దీర్ఘకాలిక మెడనొప్పి – ఏ చికిత్స ఎంతవరకు?

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు పొదిగేవారు, పెడనలో బల్లపై వంగి కలంకారీ అచ్చులు అద్దేవారు, గుడివాడ దుకాణాలలో దినమంతా లెక్కలు వ్రాసేవారు, దివిసీమలో నాట్లు వేసేవారు, తట్టలు మోసేవారు – వృత్తులు వేరైనా వీరందరూ నాతో చెప్పుకొనే బాధ ఒకటే: “మెడ తిరగడం లేదండీ, భుజం దాకా లాగుతోంది.” చాలామంది అప్పటికే నెలల తరబడి మెడ లాగించుకొని, కరెంటు పెట్టించుకొని, ఆ రోజుల కూలి కూడా పోగొట్టుకొని ఉంటారు. కాబట్టి ఏ చికిత్స ఏమి చేయగలదో గృహస్థులు తెలుసుకోవడం అవసరం.

కారణం

ఆయుర్వేదం దీనిని మన్యాస్తంభమని, వాతవ్యాధి అని చెప్పింది. పగటినిద్ర, కూర్చునే, నిలిచే తీరులోని వైకల్యం, అదేపనిగా పైకి చూడటం కారణాలని సుశ్రుతుడు పేర్కొన్నాడు. నేడు పనిబల్లవైపో, సెల్‌ఫోనువైపో క్రిందికి చూడటమే ఎక్కువ. ఎక్స్‌రేలో “ఎముకలు అరిగాయి” అన్న మాటకు బెదరవలదు. నడివయస్సు దాటినవారిలో నొప్పి లేనివారికీ ఆ అరుగుదల కనిపిస్తుంది.

చేయించుకొనే చికిత్సలు

నువ్వులనూనెతోగాని, మహానారాయణ తైలంతోగాని మృదువుగా మర్దించి, ఉప్పుమూటతోనో, వావిలాకుతోనో కాపడం పెడితే బిగిసిన కండరాలు సడలుతాయి. ఈ సుఖం నిజమైనదే, కాని కొన్ని గంటలో, కొన్ని దినాలో నిలుస్తుంది. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు కాపడంతో చర్మం కాలకుండా జాగ్రత్తపడాలి.

ట్రాక్షన్ అనే మెడ లాగుడు కొందరికి హాయినిస్తుంది. అయితే దీర్ఘకాలిక నొప్పికి అది తప్పక మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. కరెంటు వైద్యం కూడా తాత్కాలిక ఉపశమనానికే. మెడపట్టీ నెలల తరబడి ధరిస్తే కండరాలు మరింత బలహీనపడతాయి. క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం ఎంతమాత్రం తగదు. మెదడుకు రక్తం చేర్చే నాళాలు దెబ్బతినే ప్రమాదముంది.

చేసుకొనే చికిత్స

ఫిన్లాండులో దీర్ఘకాలిక మెడనొప్పి గల 180 మంది మహిళా కార్యాలయోద్యోగులపై ఏడాదిపాటు జరిపిన పరిశీలన 2003లో వెలువడింది. మెడకు, భుజాలకు బలమిచ్చే వ్యాయామం చేసినవారిలో 73 శాతం మందికి గణనీయమైన లేదా పూర్తి ఉపశమనం కలిగింది. తేలికపాటి బరువులతో ఓర్పు పెంచే వ్యాయామం చేసినవారిలో ఇది 59 శాతం. కండరాలు సాగదీయడం, నడక వంటివి మాత్రమే చేసినవారిలో 21 శాతం.

మన శాస్త్రంలోనూ ఇందుకు చోటుంది. వాగ్భటుడు దినచర్యలో అభ్యంగం తరువాత వ్యాయామాన్ని చెప్పాడు. అదీ అర్ధశక్తితోనే చేయమన్నాడు. తైలం, కాపడం మెడను సిద్ధం చేస్తాయి, వ్యాయామం దానిని నిలబెడుతుంది. నేను రోగులకు చెప్పే క్రమం ఇది:

1. నిటారుగా కూర్చొని, తల వంచకుండా గడ్డాన్ని వెనుకకు లాగి 5 సెకన్లు ఉంచాలి. 10 సార్లు.

2. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతిని తలతో నెట్టాలి. 5 సెకన్లు, సగం బలంతో. ఇదే విధంగా తల వెనుక, ఇరుప్రక్కల. ఒక్కొక్క వైపు 5 సార్లు.

3. రెండు భుజాల రెక్కలను వెనుకకు దగ్గరగా తెచ్చి వదలాలి. 10 సార్లు.

4. రెండు వారాల తరువాత నీళ్లు నింపిన సీసాలను రెండు చేతులా పట్టుకొని, భుజాల ఎత్తువరకు ప్రక్కలకు ఎత్తి దించాలి. వారానికి 3 దినాలు.

మొదట కొంత సలుపు సహజం. నొప్పి చేతిలోకి ప్రాకితే మానాలి. ఆరు వారాలైనా చేయనిదే ఫలం తేల్చవద్దు. పనిలో అరగంటకొకసారి లేచి భుజాలు త్రిప్పండి. వీలైతే పనిబల్ల ఎత్తు పెంచండి.

ఇంటివైద్యం తగని వేళలు

చేతిలో పట్టు తప్పడం, బొత్తాములు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రంపై అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిన తరువాత వచ్చిన నొప్పి – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తైలాలతో కాలయాపన చేయక వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

అవి లేనివారు సొమ్మును చికిత్సలకే వెచ్చించక, రోజుకు పావుగంట వ్యాయామానికి ఇవ్వాలి. మర్దనం మరొకరు చేయగలరు గాని, మెడకు కావలసిన బలాన్ని ఎవరికి వారే సంపాదించుకోవాలి.