కనుఱెప్పయు కన్నీరును

కనుఱెప్ప కంటిని కాచినట్లు కాచుట యని మనవారు వాడుక చేయుదురు. తల్లి బిడ్డను కాపాడు విధమును చెప్పుటకు ఇంతకంటె తగిన పోలిక దొరకదు. అయినను ఱెప్ప కంటినెట్లు కాచుచున్నదో విచారించువారు కొలదిమంది. ఇప్పుడా విచారణ యవసరమైనది. ఏలయన, ముఖసౌందర్యము కొఱకు కనుఱెప్పలకు శస్త్రచికిత్స చేయించుకొనుట లోకమున మిక్కిలి వ్యాపించినది. అంతర్జాతీయ సౌందర్య శస్త్రవైద్యుల సంఘమువారి లెక్క ప్రకారము 2024వ సంవత్సరమున ఇట్టి చికిత్సలు 20 లక్షలకు మించి జరిగినవి. మా పై తరగతుల విద్యార్థులు సయితము సెల్‌ఫోనులలో వీని చిత్రములను చూచి మమ్ము ప్రశ్నించుచున్నారు గనుక, ఈ విషయమును విశదపఱుప బూనితిమి.

ముందుగా ఱెప్ప నిర్మాణమును చూతము. ఱెప్పమీది చర్మము శరీరమంతటిలో మిక్కిలి పలుచనిది. దాని మందము ఒక మిల్లీమీటరైనను లేదు. దాని క్రింద కంటిని చుట్టుకొని గుండ్రని కండరమొకటి గలదు. అది ముడుచుకొనినప్పుడు కన్ను మూతపడును. పై ఱెప్పను ఎత్తుటకు వేఱొక కండరము గలదు. మనము మేలుకొనియున్నంతసేపు నిమిషమునకు సుమారు 15 మాఱులు ఱెప్ప వేయుదుము. తడిబట్టతో పలకను తుడిచినట్లు, ఱెప్ప పడిన ప్రతిమాఱును కన్నీరు కంటిమీద సమముగా పఱచుకొనును.

కన్నీరనగా దుఃఖము కలిగినప్పుడు రాలు నీరు మాత్రమే కాదు. అది యెల్లప్పుడును కంటిని కప్పియుండు సన్నని పొర. అందు మూడు పదార్థములు గలవు. అడుగున, కంటి తెల్లగ్రుడ్డును కప్పియున్న పొరనుండి పుట్టిన జిగురు. నడుమ, కంటిగూటి పైభాగమున వెలుపలి వైపుననున్న అశ్రుగ్రంథినుండి వచ్చు ఉప్పునీరు. పైన, ఱెప్పల అంచులయందలి సూక్ష్మగ్రంథులనుండి వచ్చు నూనె. హైన్రిఖ్ మైబోము అను జర్మను వైద్యుడు 1666లో ఈ గ్రంథులను వర్ణించెను గాన వీనికి మైబోమియను గ్రంథులని పేరు వచ్చెను. కుండమీది మూతవలె ఆ నూనె క్రింది నీటిని ఆవిరి కాకుండ కాపాడును.

నల్లగ్రుడ్డును కప్పియున్న అద్దము వంటి పొరకు కార్నియా యని పేరు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళములు లేవు. గాలిలోని ప్రాణవాయువు కన్నీటిలో కరిగి దానికి అందుచుండును. కన్నీటిపొర చెదరినయెడల కంటిలో ఇసుక పడినట్లు గరగరలాడును, మంట పుట్టును, చూపు మసకబాఱును. వింతయేమనగా, ఒక్కొక్కప్పుడు కన్ను పొడిబాఱిన కొలది నీరు ధారగా కాఱును. ఆ నీరు మంటచే వచ్చినదే గాని కంటిమీద చక్కగా నిలుచునది కాదు. ఈ స్థితి ముదిరినచో కార్నియా పుండుపడి చూపునకే ముప్పు వాటిల్లును.

ఇక శస్త్రచికిత్స సంగతి. దీనిని వైద్యులు బ్లెఫరోప్లాస్టీ యందురు. ఈ పేరును 1818లో జర్మను వైద్యుడు కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫె వాడెను. ఆనాడిది సౌందర్యమునకై పుట్టినది కాదు. వ్రణముచే చెడిన ఱెప్పను తిరిగి నిర్మించుటకు పుట్టినది. 1896లో మికామో యను జపాను వైద్యుడు ముడుత లేని పై ఱెప్పకు ముడుత కల్పించు విధమును ప్రకటించెను. నేడు దక్షిణ కొరియాలో ఈ ముడుత చికిత్స మిక్కిలి సాధారణమైనది. అచట కొన్ని కుటుంబములలో ఉన్నత పాఠశాల చదువు ముగించిన బాలికకు తలిదండ్రులు దీనినే కానుకగా చేయింతురు. ఇతర దేశములలో నడివయస్కులు పై ఱెప్పను వ్రేలాడు చర్మమును కోయించుకొనుటయు, క్రింది ఱెప్పయందు ఉబ్బిన క్రొవ్వును తీయించుకొనుటయు కలదు.

దీనివలన కన్ను పొడిబాఱుటకు కారణములు పెక్కులు. చర్మమును మితిమీఱి కోసినయెడల ఱెప్ప పూర్తిగా మూతపడదు. నిద్రలో సయితము సందు మిగులును. కుందేలు కన్నులు తెఱచి నిద్రించునని పూర్వులు నమ్మిరి గనుక గ్రీకు భాషలో దీనికి కుందేటికన్ను అను అర్థముగల పేరు పెట్టిరి. కనుబొమకును ఱెప్పవెండ్రుకలకును నడుమ కనీసము 20 మిల్లీమీటర్ల చర్మము మిగుల్పవలెనని వైద్యులు నియమము పెట్టుకొనుట ఇందుకే. కండరము నొచ్చినచో ఱెప్పపాటు బలహీనమగును. కన్ను మునుపటికంటె పెద్దదిగా తెఱచుకొనినచో గాలి తగులు భాగమును పెరుగును. క్రింది ఱెప్ప క్రిందికి లాగబడినను అట్లే జరుగును. 2013లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఒకే వైద్యుడు పది సంవత్సరములలో చికిత్స చేసిన 892 మందిని లెక్కింపగా, నూటికి 26 మందికి పైగా కన్నుల పొడితనమును చెప్పుకొనిరి. పలువురికి ఈ బాధ కొన్ని వారములలోనో నెలలలోనో తగ్గును. కొందఱికి నిలిచిపోవును, వారు చిరకాలము కంటిచుక్కలతో కాలము గడపవలసివచ్చును.

అట్లని ఈ చికిత్స యంతయు వ్యర్థమని మేము చెప్పము. పుట్టుకతోనే ఱెప్ప వ్రాలి కంటిపాపను కప్పినచో, కాలమున సరిచేయింపనియెడల ఆ బిడ్డకు చూపు సరిగా వృద్ధిపొందదు. వృద్ధులకు చర్మము వ్రేలాడి చూపునకు అడ్డమైనపుడును చికిత్స మేలు చేయును. ఱెప్ప విలువ యెట్టిదో కుష్ఠురోగుల వైద్యశాలలలో పనిచేసినవారు బాగుగా ఎఱుగుదురు. ఆ వ్యాధి ముఖమందలి నరమును చెఱచినప్పుడు ఱెప్ప మూతపడదు. కార్నియా యెండి, పుండై, పెక్కుమంది గ్రుడ్డివారైరి. అట్టివారి ఱెప్ప మరల మూతపడునట్లు చేయుటకు శస్త్రవైద్యులు కణతయందలి కండరమును త్రిప్పి ఱెప్పకు అమర్చుదురు. ఒకచోట ఱెప్ప మూతపడుటకై ఇంత శ్రమపడుచుండగా, వేఱొకచోట మూతపడు ఱెప్పను అందము కొఱకు అపాయమునకు ఒప్పగించుట ఆలోచింపదగిన సంగతి కాదా?

కావున ఈ చికిత్సను కోరువారు ముందు తమ కన్నీటి సంగతి తెలిసికొనవలెను. ఇందులకు ఓట్టో షిర్మెర్ అను జర్మను వైద్యుడు 1903లో సులభమైన పరీక్షను తెలిపెను. సన్నని అద్దుడుకాగితపు ముక్కను క్రింది ఱెప్పలోపల తగిలించి 5 నిమిషములుంచుదురు. 5 మిల్లీమీటర్లయినను తడియనిచో కన్ను మిక్కిలి పొడిగానున్నదని గ్రహింతురు. కన్ను మూసినప్పుడు గ్రుడ్డు పైకి తిరుగుచున్నదో లేదో కూడ చూతురు. అట్లు తిరుగని వారికి అపాయమెక్కువ. ఇదివఱకే పొడికన్ను గలవారును, థైరాయిడు వ్యాధిచే గ్రుడ్లు ముందుకు పొడుచుకొనివచ్చినవారును, క్రొత్తగా కంటికి లేజరు చికిత్స పొందినవారును, నడివయస్సు దాటిన స్త్రీలును మఱింత జాగరూకులై యుండవలెను. ప్రకటనలలో చికిత్సకు ముందును తరువాతను గల రూపములను చూపుదురే గాని, కన్ను చెమ్మగానున్నదో లేదో ఏ చిత్రమును చూపలేదు. దానిని కంటివైద్యునే అడిగి తెలిసికొనవలెను.

విద్యార్థులారా, మీ వయస్సున ముఖము ఇంకను మాఱుచునే యుండును. తలిదండ్రులారా, పిల్లలు ఈ కోరికను తెలిపినచో కసరక, ఎగతాళి చేయక, కోయించిన చర్మము మరల రాదనియు, ఎదిగిన పిమ్మటను దీనిని నిర్ణయించుకొనవచ్చుననియు నెమ్మదిగా చెప్పుడు. సెల్‌ఫోనును ఱెప్ప వేయక చూచుటవలన కూడ కన్ను పొడిబాఱును. కావున చదువునప్పుడు నడుమనడుమ దూరమునకు చూచి, పలుమాఱులు ఱెప్పలను పూర్తిగా మూసి తెఱచుట నేటినుండియే అలవఱచుకొనుడు.